నూకలు మనవి, చేప వాళ్లది

పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ వాళ్ల చేప అన్నం చెబుజెన్ (చెబు అంటే అన్నం, జెన్ అంటే చేప) గురించి రాసేవాళ్లు ఎక్కువగా చేపతో మొదలుపెడతారు. నేను నూకలతో మొదలుపెడతాను, ఎందుకంటే నాకు కూడు పెట్టింది బియ్యం వ్యాపారం. కాకినాడలో ఒక ఎగుమతి సంస్థలో పనిచేసేవాణ్ణి. ఆ పని మీదే కొంతకాలం సెనెగల్ రాజధాని డాకర్‌లో ఉన్నాను. మిల్లులో బియ్యం ఆడించాక వేరుపడే నూకల్ని మన దగ్గర ఎలా చూస్తారో చెప్పక్కర్లేదు. ఉప్మాకో జావకో వాడితే వాడినట్టు, లేదంటే కోళ్ల దాణాకి, ఈమధ్య ఇథనాల్‌కి. అవే నూకలు ఓడలకు ఓడలు పశ్చిమ ఆఫ్రికాకి వెళ్తాయంటే మా అమ్మ నమ్మలేదు. "కోళ్లకి వేసేవి కదరా అవి! వాటికి మళ్లీ ఓడ కిరాయి కూడానా?" అంది.

డాకర్‌లో నూకల్ని అడిగి మరీ కొంటారు. మా వ్యాపారంలో "హండ్రెడ్ పర్సెంట్ బ్రోకెన్" అని ఒక రకమే ఉంది. అందులో నిలువు గింజ ఎక్కువ కనబడితే అవతలివాడు సంతోషించడు, ఫోన్ చేసి తగువు పెట్టుకుంటాడు. నిలువు గింజ రసాన్ని పీల్చుకోదు, నూక పీల్చుకుంటుంది. అదీ వాళ్ల లెక్క. చేప, కూరగాయలు, టమాటా కలిసి ఉడికిన రసం మొత్తం నూకలోకి దిగాలి. అయినా మెతుకు మెతుకూ విడిగా, ఎర్రగా, నూనె మెరుస్తూ ఉండాలి. ముద్దయిందంటే వండినావిడ పరువు పోయినట్టే.

ఈ వంటకాన్ని 2021 డిసెంబరులో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. దాని మీద రాతలు అప్పటి నుంచి బాగా పెరిగాయి. ఏది చదివినా ఒకటే పాట: తరతరాల రుచి, అసలైన పద్ధతి, చెక్కుచెదరని సంప్రదాయం. నా పేచీ ఆ "చెక్కుచెదరని" అన్న మాటతోనే. చెబుజెన్ గిన్నెలో పడే దినుసుల్లో సగానికి పైగా పరాయి నేల నుంచి వచ్చినవే. వచ్చిన ప్రతిదాన్నీ ఆ వంట తనలో కలిపేసుకుంది. అన్నిటినీ కలిపి నిలబెట్టింది వాళ్ల సముద్రపు చేప. ఇప్పుడు గిన్నెలోంచి జారిపోతున్నది ఆ చేపే. బియ్యం ఎక్కడిది, టమాటా ఎవరు తెచ్చారు, ఘనా వాళ్ల అన్నం గొప్పా నైజీరియా వాళ్లది గొప్పా అని వాదించుకునే జనం ఈ ఒక్క సంగతిని పక్కన పెట్టేశారని నా అభియోగం.

ముందు వంట సంగతి చెప్పాలి. తెలియకుండా వాదించడం కుదరదు.

మా అద్దె ఇంటి ఓనరమ్మ పుట్టింది సెయింట్ లూయీలో. చెబుజెన్ పుట్టిల్లు కూడా ఆ ఊరే. ఆవిడ వండితే ఒక పూట మొత్తం అయ్యేది. పొద్దున్నే బజారుకెళ్లి ముందు చేప చూసుకునేది, దాన్ని బట్టే మిగతావి. మంచి రోజు అయితే చోఫ్ దొరికేది. చోఫ్ గ్రూపర్ జాతి చేప. గట్టి తెల్లటి కండ, ముల్లు తక్కువ. పార్స్‌లీ ఆకు, వెల్లుల్లి, ఉల్లికాడ, మిరపకాయ, ఉప్పు రోట్లో వేసి దంచేది. ఆ ముద్ద పేరు రోఫ్. చేప ముక్కలకి కత్తితో లోతుగా గాట్లు పెట్టి రోఫ్‌ని లోపలికి కూరి, వేరుశనగ నూనెలో వేయించి తీసి పక్కన పెట్టేది. అదే నూనెలో ఉల్లిపాయ, టమాటా గుజ్జు. ఓపిక కావాల్సింది ఇక్కడ. గుజ్జు పచ్చివాసన పోయి, ముదురు ఎరుపుకి తిరిగి, నూనె వదిలేదాకా గరిటె ఆగకూడదు. తొందరపడి నీళ్లు పోస్తే రంగు ఉంటుంది కానీ పులుపు విరగదు.

నీళ్లు మరిగాక గెజ్, యేట్ పడతాయి. గెజ్ అంటే పులియబెట్టి ఎండబెట్టిన చేప. యేట్ అంటే పెద్ద సముద్రపు నత్త మాంసం, దాన్నీ అలాగే పులియబెట్టి ఎండబెడతారు. వాసన మామూలుగా ఉండదు. ఎండుచేపల పందిళ్ల పక్కన పెరిగిన నాకే మొదటిసారి వంటింట్లోంచి బయటికి వచ్చేయాలనిపించింది. కానీ ఆ రెండూ లేని రసం చప్పగా, పైపైనే ఉంటుంది. కొందరు నెతెతు కూడా వేస్తారు, నెరె చెట్టు గింజల్ని ఉడికించి పులియబెట్టిన ముద్ద అది. ఇప్పుడు చాలా ఇళ్లలో వీటి బదులు మ్యాగీ మసాలా బిళ్లలు పడుతున్నాయి. మా ఓనరమ్మ బిళ్లలూ వేసేది, గెజ్జూ వేసేది, ఎవరైనా అడిగితే బిళ్లల సంగతి దాటేసేది.

కూరగాయలు పెద్ద పెద్ద ముక్కలు. క్యాబేజీ, క్యారెట్, కర్రపెండలం, చిలగడదుంప, వంకాయ, కాస్త చేదుగా ఉండే జఖతు అనే ఇంకో రకం వంకాయ, బెండకాయలు, చితక్కుండా పైన వేసిన ఒక ఘాటు మిరపకాయ. దేని ఉడుకు దానిదే కాబట్టి ఏది ఉడికితే దాన్ని ముందు తీసేస్తారు. వేయించిన చేపనీ కాసేపు రసంలో ఉంచి తీస్తారు. ఈలోగా కడిగిన నూకలు ఆ గిన్నె మీదే ఆవిరికి మగ్గుతుంటాయి. చివరికి అవి రసంలోకి దిగుతాయి. అడుగున మాడీ మాడనట్టు ఒక పెళుసు పొర కడుతుంది, దాన్ని ఖోఞ్ అంటారు. దానికోసం పిల్లలు కొట్టుకుంటారు. పెద్దవాళ్లూ కొట్టుకుంటారు, కాస్త మర్యాదగా.

పెద్ద బేసిన్‌లో అన్నం పరిచి, మధ్యలో చేప, చుట్టూ కూరగాయలు, నిమ్మకాయ, చింతపండు. పక్కన ఆకుపచ్చని పుల్లటి ముద్ద ఒకటి, బెగెజ్. బిస్సాప్ ఆకుని ఉడికించి మెదిపి చేస్తారు. బిస్సాప్ అంటే మన గోంగూర. గోంగూర లాంటిది అనడం లేదు, వృక్షశాస్త్రం లెక్కలోనే అది ఆ మొక్క, హైబిస్కస్ సబ్దరిఫా. దాని పుట్టుక ఆఫ్రికాలో జరిగిందని శాస్త్రజ్ఞులు అంటారు. మనం ఆంధ్రమాత అని నెత్తిన పెట్టుకున్నావిడ పుట్టింటివాళ్లు వీళ్లన్నమాట. మనం ఆకుతో ఆగిపోయాం. వాళ్లు ఆ మొక్క ఎర్రటి పూదొన్నెలతో షర్బత్ కూడా చేసుకుంటారు. డాకర్‌లో ఏ పెళ్లికి వెళ్లినా, ఏ బడ్డీకొట్టు దగ్గర ఆగినా ఉంటుంది.

తినడం అందరూ ఆ ఒక్క బేసిన్ చుట్టూ కూర్చునే. ఎవరి ముందున్న భాగం వాళ్లది, అవతలివాళ్ల వైపు చెయ్యి చాపకూడదు. మోకాలు పైకెత్తి కూర్చోకూడదు, ఎడమచేత్తో బేసిన్ అంచు పట్టుకోవాలి, మెతుకు కింద పడకూడదు. ఈ నియమాలన్నీ యునెస్కో పత్రంలో కూడా రాసుకున్నారు. పత్రంలో లేనిది ఒకటుంది. చేప మధ్యలో ఉంటుంది కదా, దాన్ని ఎవరూ లాక్కోరు. ఇంటి పెద్దావిడ వేళ్లతో విడదీసి ఒక్కొక్కరి ముందుకు తోస్తుంది. అతిథి ముందుకు ఎక్కువ వస్తుంది. చేప చిన్నదైనప్పుడు ఆవిడ ముందు ఏమీ మిగలదు. చేప ధర పెరిగిందని మార్కెట్ లెక్కలు చూడక్కర్లేదు, ఆవిడ వైపు బేసిన్ చూస్తే చాలు.

ఇప్పుడు పరాయి సరుకుల సంగతి.

ఆఫ్రికాకి సొంత వరి ఉంది. నైజర్ నది లోపలి డెల్టాలో సుమారు మూడు వేల ఏళ్ల కిందటే దాన్ని సాగులోకి తెచ్చారు. సెనెగల్ దక్షిణాన కసమాన్స్‌లో జోలా రైతులు వరి పండించడంలో ఆరితేరినవాళ్లు. కానీ ఉత్తరాన సెయింట్ లూయీ గిన్నెలోకి దిగిన నూక ఆ వరిది కాదు. 19వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లకి నూనె మిల్లులకీ సబ్బు ఫ్యాక్టరీలకీ వేరుశనగ కావాల్సి వచ్చింది. సెనెగల్ పొలాల్లో జొన్న, సజ్జ పక్కకి జరిగి వేరుశనగ పరుచుకుంది. తిండిగింజల లోటుని పూడ్చడానికి తమ పాలనలోని ఇంకో వలస దేశం నుంచి, అంటే ఇండోచైనా (ఇప్పటి వియత్నాం ప్రాంతం) నుంచి, అక్కడి మిల్లుల్లో మిగిలిన నూకలు తెచ్చి పోశారు. అక్కడ తవుడుకి కాస్త పైస్థాయి సరుకు ఇక్కడ రోజువారీ అన్నమైంది. టమాటా, మిరప, కర్రపెండలం, చిలగడదుంప, చివరికి ఆ వేరుశనగ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. క్యాబేజీ, క్యారెట్ యూరప్ మీదుగా వచ్చినవి.

సెయింట్ లూయీ ఊరే అలాంటిది. 1659లో ఫ్రెంచివాళ్లు సెనెగల్ నది ముఖద్వారంలోని లంక మీద కట్టుకున్నారు. ఎడారి అంచున దొరికే తుమ్మజిగురు ఆ ఊరి పెద్ద వ్యాపారాల్లో ఒకటి. ఆ జిగురుకి బదులుగా ఏమిచ్చేవారో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. పుదుచ్చేరి నుంచి వచ్చిన నీలిరంగు నూలుబట్ట. గినే అనే ఆ బట్ట సెనెగల్ నది పొడవునా డబ్బులా చెల్లేది. అంటే మన తూర్పు తీరం సరుకు వాళ్ల ఊళ్లోకి వెళ్లడం కాకినాడ నూకలతో మొదలైన విషయం కాదు.

ఆ ఊళ్లోనే పెండా ఎంబాయ్ అనే వంటావిడ ఉండేదని, గవర్నర్ ఇంట్లో వండేదని, ఒకసారి బార్లీ దొరక్క నూకలు వేసిందని, టమాటా కలిపి ఎర్ర చెబుజెన్‌కి మొదలు పెట్టిందని కథ. సెనెగల్‌లో ఆవిడ పేరు తెలియనివాళ్లు ఉండరు. ఎర్ర చెబుజెన్‌ని ఇప్పటికీ ఆవిడ పేరుతోనే పిలుస్తారు. కథలో నిజం పాలెంతైనా నాకు నచ్చింది ఒక్కటి. ఒక జాతి తన ముఖ్యమైన వంటకాన్ని ఏ రాజుకో దేవుడికో ఆపాదించకుండా, సరుకు లేనప్పుడు ఉన్నదాంతో సర్దిన ఒక వంటావిడకి కట్టబెట్టింది.

అందుకే "నూకలు వలస పాలన మిగిల్చిన ఎంగిలి, వదిలేయండి" అనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించలేను. వాళ్ల వాదన తేలికగా కొట్టేసేది కాదు. న్యూయార్క్‌లో పేరు తెచ్చుకున్న సెనెగల్ వంట నిపుణుడు పియెర్ తియామ్ ఫోనియో అనే స్థానిక చిరుధాన్యాన్ని మళ్లీ పళ్లెంలోకి తేవాలని ఏళ్లుగా చెబుతున్నాడు. మన దగ్గర కొర్రలు, అరికలు అంటూ తిరిగేవాళ్లకి ఆ మాట వెంటనే అర్థమవుతుంది. సెనెగల్ ప్రభుత్వం కూడా 2017 కల్లా బియ్యంలో స్వయం సమృద్ధి సాధిస్తామని లక్ష్యం పెట్టుకుంది, అందుకోలేకపోయింది. సెనెగల్ నది లోయలో వరి పండించే రైతు పక్షాన చూస్తే దిగుమతి నూకలు తగ్గాల్సిందే, అందులో నా జీతం పోయినా సరే. కానీ అది వ్యవసాయ విధానం సంగతి. దాన్ని వంటకం స్వచ్ఛతకి ముడిపెడితే పెండా ఎంబాయ్ చేసిన పనే తప్పని చెప్పాల్సి వస్తుంది.

పైగా నూకలు ఎక్కడివైతే ఏమిటన్నది 2022లో రుజువైంది. ఆ ఏడాది సెప్టెంబరులో భారత ప్రభుత్వం నూకల ఎగుమతిని నిషేధించింది. కోళ్ల దాణాకి, ఇథనాల్‌కి ఇక్కడే చాలడం లేదన్నది వాళ్లు చెప్పిన కారణం. అంతకుముందు ఏడాది చైనావాళ్లు పశువుల మేతకోసం మన నూకల్ని విపరీతంగా కొన్నారు కూడా. కాకినాడలో ఆ నెల మా ఆఫీసులో ఉన్న టెన్షన్ చెప్పలేను. గోదాముల్లో సరుకు, లంగరేసిన ఓడలు, అటు నుంచి ఆగని ఫోన్లు. తరవాత ప్రభుత్వాల మధ్య ఒప్పందాలతో సెనెగల్ సహా కొన్ని దేశాలకి కొంత కోటా ఇచ్చారు. నిషేధం పూర్తిగా ఎత్తేసింది 2025 మార్చిలో. మధ్యలో, 2024 నవంబరులో "సీజ్ ద షిప్" అని రాష్ట్రమంతా మారుమోగింది కదా, రేషన్ బియ్యం ఉందని ఆపిన ఆ ఓడ వెళ్లాల్సింది కూడా పశ్చిమ ఆఫ్రికాకే. ఈ గొడవలన్నిటి మధ్యా డాకర్‌లో చెబుజెన్ ఆగలేదు. ధర పెరిగింది, తిట్టుకున్నారు, వేరే దేశం నూకలు కొన్నారు, తమ నది లోయ బియ్యంతోనూ వండుకున్నారు. బియ్యానికి ప్రత్యామ్నాయం ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

చేపకి లేదు.

సెనెగల్ తీరం ప్రపంచంలో చేపలు బాగా దొరికే చోట్లలో ఒకటి. కెనరీ ప్రవాహం, గాలులు కలిసి అడుగునున్న చల్లని నీటిని పైకి లాగుతాయి. ఆ నీటితో పోషకాలు వస్తాయి, వాటి మీద నాచు, నాచు మీద చిన్న చేపలు, వాటి మీద పెద్దవి. సెయింట్ లూయీ పక్కన గెట్ ఎన్డార్ అనే బెస్తపేట ఉంది. రంగురంగుల పొడవాటి చెక్కపడవలు, పిరోగ్‌లంటారు, ఒడ్డున వరసగా లాగి ఉంటాయి. ఇళ్లు ఇరుకు, జనం కిక్కిరిసి ఉంటారు. ఒక పక్క నది, ఇంకో పక్క సముద్రం ఆ పేటని కోసేస్తున్నాయి. 2003లో వరద నీళ్లు పోవడానికని ఇసుకతిన్నెకి నాలుగు మీటర్ల గండి కొట్టారు. సముద్రం దాన్ని కిలోమీటర్ల వెడల్పు చేసేసింది. ఇప్పుడు ఆ తీరానికి ఎదురుగానే, మారిటేనియా సరిహద్దు మీద, సముద్రంలో గ్యాస్ ప్లాట్‌ఫారం వచ్చింది. దాని చుట్టూ పడవలకి ప్రవేశం లేదు. చేపలు బాగా దొరికే రాతిదిబ్బలు ఉన్నది అటువైపే.

చెబుజెన్‌కి రాజు చోఫ్. దాన్ని యూరప్ మార్కెట్ ఎప్పుడో కనిపెట్టింది. మంచి ధర పలికే చేప కాబట్టి ఐస్ పెట్టెల్లో విమానం ఎక్కుతుంది. దేశంలో ఉండే సామాన్యుడికి అది పండగ చేప అయిపోయింది. సరే, చోఫ్ పోతే పోయింది, యాబోయ్ ఉంది కదా అనుకున్నారు. యాబోయ్ అంటే సార్డినెల్లా, మన కవళ్ల కుటుంబం. ముళ్లు ఎక్కువే, రుచీ ఎక్కువే, చవక. పేదవాడి బేసిన్‌లో చేప అంటే కొన్ని దశాబ్దాలుగా అదే.

దాని వెంట చేపపొడి ఫ్యాక్టరీలు పడ్డాయి. మారిటేనియాలో, గాంబియాలో, సెనెగల్‌లో. యాబోయ్‌ని ఉడికించి, పిండి, ఎండబెట్టి పొడి చేసి, నూనె తీసి ఎగుమతి చేస్తారు. కిలో పొడికి నాలుగైదు కిలోల పచ్చి చేప పడుతుంది. ఆ పొడి పోయేది యూరప్, ఆసియాల్లో పెంపకం చేపల మేతలోకి. రొయ్యల మేతలో చేపపొడి ఎందుకేస్తారో, దాని ధర పెరిగితే ఏమవుతుందో భీమవరం రైతుకి నేను చెప్పక్కర్లేదు. పేదవాడు నేరుగా తినగలిగే చేపని, డబ్బున్నవాడు తినే చేపకి మేతగా మార్చడం ఆ వ్యాపారం సారాంశం. గాంబియాలో గుంజుర్ అనే ఊళ్లో 2017లో ఫ్యాక్టరీ పక్కనున్న మడుగు ఎర్రగా మారి చేపలు చచ్చి తేలినప్పుడు మాత్రం బయటి పత్రికలు కాసేపు అటు చూశాయి. సార్డినెల్లాని శక్తికి మించి పడుతున్నారని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిపుణుల బృందం పదే పదే హెచ్చరిస్తూనే ఉంది.

ఇందులో ముందు దెబ్బ తిన్నది ఆడవాళ్లు. పడవ ఒడ్డుకి చేరాక యాబోయ్ కొని, కాల్చి, తోలు తీసి, ఉప్పు వేసి ఎండబెట్టి అమ్మేది వాళ్లే. డాకర్ పక్కన బార్గ్‌నీలో ఆ పొగల మధ్య వందలమంది పనిచేస్తారు. ఆ ఎండుచేప సముద్రం లేని మాలీ, బుర్కినా ఫాసోల దాకా పోతుంది. సంచి నిండా డబ్బుతో ఫ్యాక్టరీ లారీ ఒడ్డున నిలబడ్డాక వీళ్ల బేరం సాగదు. చెబుజెన్ విద్య తల్లి నుంచి కూతురికి వస్తుందని యునెస్కో పత్రం గొప్పగా చెప్పుకుంది. అదే తల్లి అదే కూతురు సముద్రపొడ్డున బతుకు పోగొట్టుకుంటుంటే వారసత్వం అన్న మాట నాకు వంటింటి గోడ దగ్గరే ఆగిపోయినట్టు అనిపిస్తుంది. ఒక పూటంతా పొయ్యి దగ్గర నిలబడే ఆ ఆడవాళ్ల శ్రమని ఏ జాబితా లెక్కలోకి తీసుకుందో కూడా అడగాలి. డాకర్‌లో ఉద్యోగాలు చేసే అమ్మాయిలు వారమంతా చెబుజెన్ వండలేమని మొహం మీదే చెబుతున్నారు. వాళ్లని తప్పుపట్టే మగవాళ్లలో గరిటె పట్టినవాణ్ణి నేను చూడలేదు.

నా వాదనకి ఎదురు చెప్పేవాళ్లు ఒక మాట అంటారు, అందులో నిజం ఉంది. చేపలు తగ్గడానికి విదేశీ ఓడలే కారణమా, వీళ్ల పడవల మాటేమిటి అని. 1970ల కరవుల్లో పొలాలు వదిలి సముద్రం మీదికి వచ్చినవాళ్లు చాలామంది. తరవాత మోటార్లు వచ్చాయి, సబ్సిడీ ఇంధనం వచ్చింది, వలలు పెద్దవయ్యాయి, పిల్ల చేపల్ని కూడా పట్టేశారు. పడవలు వేలల్లో పెరిగాయి. నిజమే. కానీ పడవ తెచ్చిన చేప ఊరి బేసిన్‌లోకే పోయినన్నాళ్లు దానికో హద్దు ఉండేది, ఎందుకంటే ఊరు ఎంత తింటుందో అంతే కొంటుంది. ఫ్యాక్టరీకి ఆ హద్దు లేదు, ఎంత తెస్తే అంత మింగుతుంది. పాడైన చేపనైనా తీసుకుంటుంది. పడవవాణ్ణి దొంగని చేసే ముందు ఆ కొనుగోలుదారుణ్ణి చూడాలి.

పట్టడానికి చేప లేని పిరోగ్ ఇప్పుడు మనుషుల్ని మోస్తోంది. 2006లో పడవల మీద 31 వేలమందికి పైగా స్పెయిన్‌వాళ్ల కెనరీ దీవులకి చేరారు, 2024లో 46 వేలమందికి పైగా. అందరూ సెనెగల్ వాళ్లు కారు, అందరూ బెస్తవాళ్లు అంతకన్నా కారు. కానీ చుక్కాని పట్టేది చాలాసార్లు గెట్ ఎన్డార్, ఎంబూర్, కయార్ లాంటి ఊళ్ల నుంచి వచ్చినవాడే, సముద్రం తెలిసింది అతనికే కాబట్టి. చేరనివాళ్ల లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు.

జొలోఫ్ యుద్ధాల గురించి కూడా ఒక మాట. జొలోఫ్ అంటే చెబుజెన్‌కి చుట్టమైన ఎర్రటి టమాటా అన్నం. నైజీరియా, ఘనా జనం ఎవరి జొలోఫ్ అన్నం గొప్పదని నెట్‌లో ఏళ్లుగా సరదాగా కొట్టుకుంటుంటారు. 2014లో ఇంగ్లండు వంటవాడు జేమీ ఆలివర్ తనకి తోచినట్టు జొలోఫ్ వండితే ఇద్దరూ ఏకమై అతని మీద పడ్డారు. సెనెగల్ వాళ్లు పక్కన కూర్చుని, ఆ పేరు మా జొలోఫ్ రాజ్యానిదే కదా అని నవ్వుకుంటారు. సరదాకి అడ్డు చెప్పను. కానీ ఆ ఉత్సాహంలో పదో వంతు యాబోయ్ మీద చూపించినా, పశ్చిమ ఆఫ్రికా తీరంలో మంత్రులకి నిద్రపట్టేది కాదు.

అసలు ప్రభుత్వాలు ఏమీ చేయలేవా అంటే, చేసిన సందర్భాలు ఉన్నాయి. 2012లో మాకీ సాల్ అధ్యక్షుడవగానే 29 విదేశీ ట్రాలర్ల లైసెన్సులు రద్దయ్యాయి. 2014 జనవరిలో ఒక రష్యన్ ట్రాలర్‌ని సెనెగల్ నౌకాదళం పట్టుకుని డాకర్ రేవుకి లాక్కొచ్చింది. 2024 మేలో బాసిరూ జొమాయ్ ఫాయ్ ప్రభుత్వం చేపలు పట్టడానికి అనుమతి ఉన్న ఓడల జాబితాని బయటపెట్టింది. ఏ ఓడ ఎవరిదో అడిగే వీలు జనానికి అప్పుడు దొరికింది. అదే ఏడాది నవంబరు 17తో యూరోపియన్ యూనియన్‌తో ఉన్న చేపల ఒప్పందం గడువు ముగిసింది. అక్రమ వేటని అదుపు చేయడం లేదని యూరప్ అంతకుముందే సెనెగల్‌కి పసుపు కార్డు, అంటే అధికారిక హెచ్చరిక, చూపించింది. ఒప్పందాన్ని పొడిగించకపోవడానికి యూరప్ చెప్పిన కారణం అదే. దాన్ని తమ విజయంగా చెప్పుకున్న సెనెగల్ నాయకులూ ఉన్నారు. ఎవరు ఎవర్ని వద్దన్నా యూరప్ ఓడలు ఆ ఒప్పందం కింద వేటాడటం ఆగింది. కానీ సెనెగల్ జెండా తగిలించుకుని తిరిగే విదేశీ పెట్టుబడి ఓడలు అక్కడే ఉన్నాయి, చేపపొడి ఫ్యాక్టరీలూ అక్కడే ఉన్నాయి.

నాకు ఎక్కువ ఆశ పుట్టించేది ఇంకో ఉదాహరణ. 2005లో బర్డ్ ఫ్లూ భయంతో సెనెగల్ విదేశీ కోడిమాంసం దిగుమతిని ఆపేసింది. అప్పటిదాకా యూరప్ నుంచి, బ్రెజిల్ నుంచి వచ్చిపడే చవక కోడి ముక్కలతో స్థానిక ఫారాలు మూతపడుతుండేవి. జబ్బు భయం తగ్గాక కూడా ఏళ్ల తరబడి నిషేధం ఎత్తలేదు, స్థానిక కోళ్ల పరిశ్రమ నిలదొక్కుకుంది. ఇప్పుడు చేప కొనలేని ఇళ్లలో కోడితో చెబు వండుకుంటున్నారంటే ఆ నిర్ణయం పుణ్యమే. మనుషులు తినదగిన చేపని పొడి చేయకూడదని చట్టం చేయడం అంతకన్నా కష్టమైన పని కాదు. కోడిమాంసం విషయంలో గట్టిగా నిలబడిన దేశానికి యాబోయ్ విషయంలో మాట పెగలకపోవడం నాకు మింగుడు పడదు.

చిక్కు ఒకటి మాత్రం ఉంది. యాబోయ్ గుంపు సరిహద్దులు చూడదు, ఏడాదిలో కొన్నాళ్లు మారిటేనియా నీళ్లలో, కొన్నాళ్లు సెనెగల్, గాంబియా నీళ్లలో తిరుగుతుంది. డాకర్‌లో మూసిన ఫ్యాక్టరీ పని మారిటేనియా రేవు నువాదిబూలో సాగిపోతుంది. అందుకని ఈ తీరపు దేశాలు 1985లోనే ఒక ఉపప్రాంతీయ చేపల కమిషన్ పెట్టుకున్నాయి, ఇప్పుడు అందులో ఏడు దేశాలున్నాయి, దాని ఆఫీసు డాకర్‌లోనే ఉంది. అక్రమ వేట మీద ఎవరి బాధ్యత ఎంతో చెప్పమని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానాన్ని అడిగింది కూడా ఈ కమిషనే, 2015 ఏప్రిల్‌లో అభిప్రాయం వచ్చింది. సెనెగల్, మారిటేనియా, గాంబియా మూడూ ఆ బల్ల చుట్టూ సభ్యులే. ఎవరు ఏడాదికి ఎంత యాబోయ్ పట్టాలో, అందులో ఎంత మనుషులకి పోవాలో ఆ మూడింటి మంత్రులు అక్కడ కూర్చుని రాసుకోవచ్చు. ఆ కాగితం వచ్చేదాకా 2021 నాటి యునెస్కో పత్రం గురించి నా దగ్గర ఎవరైనా గొప్పలు చెబితే, బేసిన్‌లో ఏ చేప పెట్టారని మాత్రం అడుగుతాను.